మామిడి నీడలో వరి పొలం

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. పటంలో చుక్క పెడితే నేల మీద దానికి సరిపోయే చోటొకటి ఉండాలని పిల్లలకు నూరిపోశాను. మొన్న వేసవిలో గాలివానకు చాట్రాయిలోని మా మామిడితోటలో కాయంతా రాలిపోయింది. నష్టం రాయడానికి వచ్చిన ఉద్యోగి చెట్టు నీడలోనే కుర్చీ వేయించుకుని ట్యాబ్ చూశాడు.

“ఇది వరి పొలమండీ మాస్టారూ. రికార్డులో అలాగే ఉంది.”

“తలెత్తి చూడవయ్యా!” అని అరిచాను.

“చూశానండీ. కానీ రికార్డు ప్రకారమే రాయాలి కదండీ.”

వరికి నష్టమేమీ లేదని రాసుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నేలను బట్టి కాగితం కాదట, కాగితాన్ని బట్టి నేలట! వెళ్లబోతూ, రాలినవాటిలో దెబ్బ తగలని కాయలు ఏరి, పప్పులోకంటూ సంచి నింపుకున్నాడు.

ఆ సంచి లాక్కుని అక్కడే కుమ్మరించాను. “వరి పొలంలో నీకు మామిడికాయలు ఎక్కడ దొరికాయయ్యా?”