నాలుగువందల యాభై ఒకటో రోజు

ముప్పై అయిదేళ్ళకు పైగా ఒక ఉత్తరాన్ని గుండెలో మోస్తున్నాను. కాగితం ఎప్పుడో చెదలు తినేసి ఉంటుంది. బరువు తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది, తెలిసినవాళ్ళ ముందు ఈ నోరు పెగలదు. తెలుగులో రాయడానికి కూడా ఒక కారణం ఉంది. ధైర్యం మిగిలితే చివర్లో చెబుతాను.

ఎనభైల్లో తమిళనాడు ధర్మపురి పక్కన ఒక నూలు మిల్లులో టైం ఆఫీసు గుమాస్తాను. ఎవరు ఎన్ని రోజులు పనికి వచ్చారో కార్డుల్లో రాయడం నా పని. మిల్లుకు బాస్కెట్‌బాల్ టీము ఉండేది, దానికి సెక్రటరీని కూడా నేనే. బంతిని ఒక్కసారైనా సరిగ్గా బుట్టలో వేసినవాణ్ణి కాను. కానీ ఎవర్ని ఉంచుకోవాలి, ఎవర్ని ఇచ్చి ఎవర్ని తెచ్చుకోవాలి అన్నది నా చేతిలో ఉండేది. మా యజమానిని అందరం మొదలాళి అనేవాళ్ళం. ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటే. ఆటగాళ్ళందరికీ కలిపి ఎనిమిది టెంపరరీ జీతాలు, అంతకు మించి పైసా లేదు. ఎవడైనా పర్మినెంటు అయితే వాడొక్కడే రెండు చోట్లు తినేస్తాడు.

మునిరత్నం ఆ పక్కనే ఇండూరువాడు. మాలాగే ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. షిఫ్టు దిగి, జుట్టులో దూది దులుపుకుంటూనే కోర్టులోకి వచ్చేవాడు. పొట్టివాడే, కానీ బంతి అతని చేతికి వస్తే మిగతా నలుగురికీ ధైర్యం వచ్చేది. రెండేళ్ళలో నాలుగువందల ఎనభై రోజులు పని చేస్తే పర్మినెంటు చెయ్యాలని అప్పటికే చట్టం ఉంది. అతనికి నాలుగువందల యాభై ఒకటి అయ్యాయి. ఆ కార్డు రాసింది నేనే. ఇంకా ఇరవై తొమ్మిది రోజులు.

ఆ వారంలోనే రెండు ఉత్తరాలు వచ్చాయి. హోసూరు ఫ్యాక్టరీవాళ్ళు మునిరత్నాన్ని అడిగారు, చేరిన రోజే పర్మినెంటు చేస్తామన్నారు. బదులుగా వాళ్ళ పర్మినెంటు ఆటగాడు ఒకణ్ణి మేము అదే హోదాతో తీసుకోవాలి. సేలం మిల్లువాళ్ళు కూడా అతన్నే అడిగారు, కానీ టెంపరరీగా, ఒక్క సీజనుకే. వాళ్ళు బదులిచ్చేవాడు కూడా ఒక్క సీజనుకే. అంటే వచ్చే ఏడాది మా దగ్గర ఒక చోటు ఖాళీ అవుతుంది.

ఆ ఖాళీ నాకెందుకు? కడత్తూరులో ఒక కాలేజీ ఆటగాడున్నాడు, ఆరడుగుల నాలుగంగుళాలు. వచ్చే ఏడాది అతని చదువు అయిపోతుంది. మా మిల్లుకు వస్తానని అతను చెప్పాడా? లేదు. నేను అడిగానా? అదీ లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నా మనసులో అతనికి జెర్సీ కూడా కుట్టించేశాను.

మూడు రోజులు లెక్కలు వేశాను. హోసూరు అయితే మునిరత్నం బతుకు నిలబడుతుంది, కడత్తూరువాడికని నేను అనుకున్న చోటు పోతుంది. ఇక్కడే ఉంచుకున్నా పర్మినెంటై రెండు చోట్లు తినేస్తాడు, ఆ చోటు పోతుంది. సేలం అయితే చోటు మిగులుతుంది. అతను? అతను ఏమవుతాడో ఆలోచించకుండా ఉండడానికే మళ్ళీ మళ్ళీ లెక్క వేశాను. అది తూచి చూడడం కాదు, ముందే తేల్చుకున్నదానికి సాకులు వెతుక్కోవడం.

హోసూరు ఉత్తరాన్ని మడిచి పాత కార్డుల కట్టలో దోపాను. కుదరదని వాళ్ళకు జవాబు రాశాను. సాయంత్రం మునిరత్నాన్ని కోర్టు గట్టు మీద కూర్చోబెట్టి సేలం సంగతి చెప్పాను.

"ఇంకా ఇరవై తొమ్మిది దినాలే కదన్నా. ఇప్పుడు పోతే మళ్ళీ ఒకటి నుంచి కదా?"

"ఈ దినాలు వాళ్ళు కలుపుకొంటారు. మాట్లాడినాను."

"పర్మినెంటు చేస్తారా?"

"చేస్తారప్పా."

"ఇంకేడ నుంచైనా అడిగినారాన్నా?"

"లేదు."

కాసేపు బంతిని నేలకేసి కొడుతూ కూర్చున్నాడు. "పర్మినెంటు అయినంకనే పెండ్లి అని అమ్మకు చెప్పుండాను. సరే, నువ్వు చెప్పినావంటే సరేన్నా."

రాజీనామా కాగితం మీద తమిళంలో, గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టాడు. మాట్లాడినాను అన్నానే, ఎవరితో మాట్లాడాను? అంత తేలిగ్గా ఆ మాట ఎలా వచ్చింది నాకు?

సీజను అయిపోగానే సేలంవాళ్ళు అతన్ని పంపించేశారు. ముందే రాసినట్టే చేశారు, వాళ్ళ తప్పేమీ లేదు. తొప్పూరు మీదుగా వచ్చే బస్సు దిగి, సంచి పట్టుకుని నేరుగా మా గేటు దగ్గరికి వచ్చాడు. "వాళ్ళు మాట తప్పినారన్నా," అన్నాడు. నేనూ అతనితో కలిసి వాళ్ళను తిట్టాను. అవును, తిట్టాను. నన్ను నేను అన్నిటికంటే ఎక్కువగా అసహ్యించుకునేది దీనికే. ఇక్కడ ఏదైనా చోటుందా అని అడిగాడు. ఉంది. లేదన్నాను.

రెండు నెలల తర్వాత కడత్తూరు ఆటగాడు మద్రాసులో బ్యాంకు టీములో చేరాడు. మేమెవరో కూడా అతనికి తెలిసి ఉండదు. వాడని చోటెందుకని మొదలాళి ఎనిమిదిని ఏడు చేశాడు. మునిరత్నం అప్పటికే బెంగుళూరులో కట్టడం పనికి పోయాడు, సిమెంటు మోయడానికి.

ఆ తర్వాత గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే నా బతుకు. ఎవరు హోసూరు పేరెత్తినా మాట మార్చేవాణ్ణి. కొన్నేళ్ళ కిందట ధర్మపురి బస్టాండులో కనబడ్డాడు. ఒక భుజం కిందికి వంగిపోయింది. పక్కనున్న భార్యకు నన్ను చూపించి, "నాకోసం శానా పాటుపడిన అన్న ఈయనే," అన్నాడు. ఆమె చేతులు జోడించింది. ఆ నిమిషంలోనైనా చెప్పొచ్చు కదా? బస్సుకు టైమయిందని వచ్చేశాను. నా బస్సు ఇంకా రానేలేదు.

తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, మునిరత్నానికి తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. మా ఇంట్లోవాళ్ళకూ అంతే. మా తాత పట్టుబట్టి నేర్పించిన అక్షరాలు చివరికి ఇలా దాక్కోవడానికి పనికొచ్చాయి. ఇదీ పిరికితనమే, నాకు తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. అతనికి చెప్పని ఆ ఒక్క మాటా ఇన్నేళ్ళకు పూర్తిగా రాస్తున్నాను, రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది.

మునిరత్నం, హోసూరు నుంచి నీకు ఉత్తరం వచ్చింది. నేనే దాచిపెట్టినాను.