నీళ్లు తాగని బ్యాటరీ

మా అత్తగారింటి షెడ్డులో గోడకి బిగించి ఉన్న ఆ తెల్ల డబ్బాని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. లిథియం బ్యాటరీ అది. చప్పుడు ఉండదు, వాసన రాదు, చెయ్యి పెట్టి చూస్తే పెద్దగా వేడి కూడా తగలదు. తిట్టడానికి ఒక్క వంకైనా దొరకదు, అదే నా ఏడుపు.

నాది గుంటూరులో బ్యాటరీల కొట్టు. యాసిడ్ పోసే పాతరకం బ్యాటరీలే ఎక్కువ. ట్రాక్టర్లకి, ఇళ్లల్లో ఇన్వర్టర్లకి, ఊళ్లల్లో సోలార్ పలకలకి అవే ఇస్తాను. యాసిడ్ చుక్కలు పడి చిల్లులు పడని చొక్కా నా బీరువాలో లేదు. పెళ్లిళ్లకని దాచుకున్న చొక్కా వేసుకుని, దారిలో ఒక్క నిమిషం కొట్టు చూసొద్దామని వెళ్లి పాడుచేసుకున్న ఘనుణ్ణి. నా భార్య తిట్టి తిట్టి విసిగిపోయి ఊరుకుంది.

మా అత్తగారిది పిడుగురాళ్ల వెళ్లే దారిలో ఒక పల్లెటూరు. మామయ్య మిరపా పత్తీ వేస్తారు. అత్తయ్యకి ఇంటి పక్కనే రేకుల షెడ్డులో కారం మిల్లు ఉంది. సొంత తోటలో కాయలే ఎండబెట్టి, తొడిమలు తీసి, ఆడించి గుంటూరులోనూ ఒంగోలులోనూ ఉన్న చుట్టాలకీ, ఆ చుట్టాల చుట్టాలకీ పంపిస్తుంది. ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. సగంలో మిల్లు ఆగిపోతే ఆ పూటంతా ఆవిడతో మాట్లాడలేం. పెళ్లయిన కొత్తలో నేనే షెడ్డు మీద సోలార్ పలకలు వేయించి, లోపల చెక్క బల్ల చేయించి, దాని మీద వరసగా బ్యాటరీలు పేర్చి మిల్లు నడిచేలా చేశాను. అలా ఆడిన మొదటి కారం వేడి అన్నంలో కలిపి, నెయ్యి పోసి నాకే పెట్టింది అత్తయ్య. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కారం వల్లేనని చెప్పాను.

ఆ బ్యాటరీలకి నీళ్లు కావాలి. ఛార్జింగు ఎక్కేటప్పుడు లోపలి నీరు తగ్గుతుంది, డిస్టిల్ వాటర్ పోసి నింపాలి. ఆ పని నాది. నెలకో ఆదివారం క్యాన్లు బండికి కట్టుకుని బయల్దేరేవాణ్ణి. నేను మూతలు విప్పుతుంటే మామయ్య స్టూలు వేసుకుని కూర్చుని టార్చి పట్టేవారు. తామర పురుగు తోటని ఎలా నాశనం చేసిందో, మిర్చి యార్డులో దళారి ఏం కూశాడో, మోకాలు ఎలా సలుపుతోందో అన్నీ అప్పుడే చెప్పేవారు. కూతుళ్లకి కూడా చెప్పని మాటలు. మా ఇంట్లో నాన్నా నేనూ ఎదురుపడితే చెరో గోడా చూసుకునేవాళ్లం. అందుకే మామయ్య పక్కన గొంతుక్కూర్చుని ఆ కబుర్లు వినడం నాకు ఎక్కడలేని సుఖంగా ఉండేది. పనయ్యేసరికి లోపల నాటుకోడి ఉడికిపోయేది.

తర్వాత మా మరదలి పెళ్లయింది. నాకొక తోడల్లుడు వచ్చిపడ్డాడు.

అతను ప్రకాశం జిల్లా మెట్ట వైపు ఒక పెద్ద సోలార్ ప్లాంటులో ఇంజనీరు. అక్కడ బ్యాటరీలంటే లారీ మోసుకొచ్చే కంటెయినర్లట. పగలంతా ఎండ కరెంటు దాచుకుని, సాయంత్రం అందరూ లైట్లు వేసుకునే వేళకి లైన్లలోకి వదులుతాయట. వాటికి ఏసీలు కూడా ఉంటాయట. మా కొట్టులో మనిషికే ఏసీ లేదు! అన్నం తింటూ అతను ఇవన్నీ చెబుతుంటే మామయ్య కలిపిన ముద్ద చేతిలోనే పట్టుకుని వినేవారు. నేను చెప్పిన మాట ఆయన ఎప్పుడైనా అలా విన్నారా అని ఆలోచించాను. ఒక్కసారీ గుర్తు రాలేదు. మా ఇద్దరిలో చెప్పేది ఎప్పుడూ ఆయనే. ఆ పూట నాకు అన్నం సయించలేదు. పోనీ మనిషి పొగరుబోతా అంటే అదీ కాదు. "అన్నయ్యా, అన్నయ్యా" అంటూ నేను చెయ్యి కడుక్కునే నీళ్లు కూడా తనే అందిస్తాడు. అలాంటివాడి మీద ఏడవడం ఎంత కష్టమో అనుభవించినవాడికే తెలుస్తుంది.

బల్ల మీది బ్యాటరీలు పాతబడ్డాయి. కొత్తవి పెడదామని కొట్టులో మంచివి ఎంచి ఒక మూలన ఉంచాను, వచ్చిన బేరం కూడా పోగొట్టుకుని. ఆ నెల క్యాన్లతో వెళ్లేసరికి నా బ్యాటరీలు షెడ్డు బయట గోనెసంచుల కింద పడి ఉన్నాయి. లోపల గోడ మీద తెల్ల డబ్బా. ముందురోజే నా తోడల్లుడు మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి బిగించి వెళ్లాడట. నేను చూసి ఆశ్చర్యపోవాలని నాకు చెప్పొద్దన్నాడట. పోయాను, బాగానే పోయాను.

"దీనికి నీళ్లు పోసే పనే లేదంట బాబూ," అంది అత్తయ్య. "ఎలా ఉందో చినబాబు అక్కణ్నుంచే ఫోన్లో చూసుకుంటాడంట. నీకింక ఈ క్యాన్ల మోత తప్పింది."

నాకేదో మేలు జరిగినట్టు ఆవిడ మొహం వెలిగిపోతోంది. క్యాన్లు దించాలో, బండి మీదే ఉంచాలో నాకు అర్థం కాలేదు. మామయ్య ఆ డబ్బా ముందు నిలబడి, పచ్చ లైట్లన్నీ వెలిగితే నిండినట్టని నాకు పాఠం చెప్పారు. బ్యాటరీల గురించి, నాకు! ఊఁ కొట్టాను. రెండు ముద్దలు తిని, కొట్టులో పనుందని వచ్చేశాను.

ఆ తర్వాత వెళ్లడం మానేశాను. ఏమని వెళ్లను? అల్లుడన్నవాడు అత్తారింటికి వెళ్లాలంటే పండగ ఉండాలి, పిలుపు ఉండాలి, లేకపోతే పనైనా ఉండాలి. ఏమీ లేకుండా గుమ్మంలో నిలబడితే ఊళ్లో చులకనైపోడూ? నాకున్న పని కాస్తా ఆ డబ్బా ఊడగొట్టింది. అది పాడవుతుందని ఎదురుచూడటం ఒక్కటే మిగిలింది. రోహిణి కార్తె ఎండలకి ఉబ్బిపోతుందిలే అనుకున్నాను. ఉబ్బలేదు. వానాకాలం షెడ్డు కారి తడుస్తుందనుకున్నాను. ఆ ఏడే మామయ్య రేకులు మార్పించారు. నా భార్య పుట్టింటికి ఫోను చేసినప్పుడల్లా, మిల్లు ఎలా నడుస్తోందో అడగమని పక్కనుంచి సైగ చేసేవాణ్ణి.

"మనుషుల మీద ఏడ్చేవాళ్లని చూశాను," అంది ఒకరోజు ఫోను పెట్టేసి. "డబ్బాతో సవతిపోరు పెట్టుకున్న మగాణ్ణి మిమ్మల్నే చూస్తున్నా."

నవ్వు రాలేదు నాకు. ఆవిడ మాత్రం వంటింట్లోకి వెళ్లి చాలాసేపు నవ్వుకుంది.

మిరపకోతలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం తోడల్లుడు కొట్టుకి వచ్చాడు. గుంటూరులో ఏదో పనిమీద వచ్చాడట. కుర్చీ చూపించినా కూర్చోకుండా, పాత బ్యాటరీల మధ్య అటూ ఇటూ తిరిగి, చివరికి ఒక ఖాళీ పెట్టె మీద కూలబడ్డాడు. టీ చెప్పాను. చల్లారిపోతున్నా తాగలేదు.

"మీకు కోపమొచ్చిందని వదిన చెప్పింది అన్నయ్యా," అన్నాడు. "నిజం చెప్పేస్తున్నా. నెలనెలా ఆ ఇంట్లో మీకు జరిగే మర్యాద చూసి ఓర్వలేక పెట్టాను అది. నాదంటూ అక్కడొకటి ఉంటే నన్నూ పిలుస్తారనుకున్నా."

పిలవలేదట. అతనే ఫోను చేసి మిల్లు ఎలా ఉందని అడిగితే, నీ ఫోన్లో కనపడుతోందిగా నాయనా, నీకు తెలియందేముంది అని మామయ్య పెట్టేస్తారట. పండక్కి తప్ప అతను ఆ గడప తొక్కి ఏడాది దాటిందట. మళ్లీ నీళ్లు పోసేవే పెట్టిద్దామా అన్నయ్యా అని కూడా అడిగాడు, కంటెయినర్ల ఇంజనీరు!

నా లోపల పండగే పండగ. అంత చదువూ అంత పెద్ద ప్లాంటూ ఉన్నవాడు నా మీద ఏడ్చాడు! ఆ చల్లారిన టీ పారబోయించి, అల్లం వేసి ఇంకోటి చెప్పాను. అతను వెళ్లిపోయాక మాత్రం ఆ పండగ ఎంతోసేపు నిలవలేదు. పని లేదని అతన్ని పిలవలేదు సరే. పని పోయాక నన్నూ పిలవలేదుగా? ఆ ఇంటికి ఇన్నేళ్లూ కావలసింది నేనా, నేను మోసుకెళ్లే నీళ్లా? ఆ అనుమానం పట్టుకున్నాక కొట్టులో ఏ పని మీదా మనసు నిలవలేదు.

ఆ ఆదివారం బండి తీశాను. క్యాన్లు లేవు, పిలుపు లేదు. తోడల్లుణ్ణి కూడా రమ్మనొచ్చు. అనలేదు. అంత మంచితనం నా దగ్గర లేదు.

అత్తయ్య పంచలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. తలెత్తి నన్ను చూసి, నా వెనక బండిని చూసింది.

"బ్యాటరీ మొరాయించిందని చినబాబు చెప్పాడా ఏంటి?"

"లేదత్తయ్యా. ఊరికే వచ్చాను." బండి తాళం జేబులో వేసుకుంటూ అన్నాను.

"నువ్వెప్పుడూ ఊరికేగా బాబూ వచ్చింది," అంది ఆవిడ, తొడిమలు తీయడం ఆపకుండా. "నెలకే నీళ్లు అయిపోతాయా ఎక్కడైనా? నీళ్లు తగ్గి మూతల మీద బుడిపెలు కిందికి దిగితేగా పోయాలి. నేను ఊడ్చేటప్పుడల్లా చూసేదాన్ని. నువ్వొచ్చిన రోజు కూడా పైకే ఉండేవి."

బ్యాటరీలు అమ్ముకు బతికేవాణ్ణి, నాకు తెలియదా? మూతలన్నీ విప్పి, నిండుగా ఉన్న నీళ్లనే చూసి, మళ్లీ బిగించేవాణ్ణి. క్యాన్లు ఎలా తెచ్చినవి అలాగే తిరిగొచ్చిన నెలలే ఎక్కువ. ఎవరూ కనిపెట్టలేదనుకున్నాను.

"మరి ఎప్పుడూ అనలేదేం అత్తయ్యా?"

"మీ మామయ్య అననివ్వలేదు. అంటే సిగ్గుపడి రావడం మానేస్తాడే అన్నారు. డబ్బా పెట్టాక కూడా ఎప్పట్లాగే ఊరికే వస్తావని ఇన్నాళ్లూ చూస్తూనే ఉన్నారు."

మొహం కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్లాను. వచ్చేసరికి మామయ్య లోపల రెండు కంచాలు పెట్టించి, నాకోసం కూర్చుని ఉన్నారు.

ఈ సంగతి నా తోడల్లుడికి ఇంతవరకూ చెప్పలేదు. చెప్పను కూడా.