ఎత్తని వేలు

నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా జరిగిందిది. పుస్తకం పట్టుకుంటే నాకు అమ్మ పిలుపు వినబడదు. చెవుడేమోనని భయపడి, అమ్మ నన్ను మందస నుంచి పలాసలోని చెవుల ఆసుపత్రికి తీసుకెళ్లింది.

అక్కడి మేడమ్ నన్ను చప్పుడు చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినిపించినప్పుడల్లా వేలెత్తమన్నారు. పరీక్ష అయ్యాక, "రెండు చెవులకీ వినికిడి తగ్గిందమ్మా" అన్నారు.

అమ్మ కళ్లు తుడుచుకుంది. "ఈ వయసుకే మిషనెట్టాలేటి మేడమ్?"

నేను నెమ్మదిగా అడిగాను. "బాగా సన్నగా వినిపించినా ఎత్తాలా మేడమ్?"

"ఎత్తలేదా?"

"నిజంగా వినిపించిందో లేదోనని అనుమానమొచ్చింది. తప్పయితే బాగోదని ఊరుకున్నాను."

క్లాసులోనూ నాది అదే పద్ధతి.

మేడమ్ నవ్వి, అనుమానంగా ఉన్నా ఎత్తమని చెప్పి మళ్లీ పరీక్షించారు. ఈసారి నా చెవులకు ఏ లోపమూ లేదని తేలింది.

"మరి నాను పిలిత్తే పలకవేటే?" అంది అమ్మ.

మేడమ్ నా సంచిలోంచి తొంగిచూస్తున్న నవలను చూపించారు.

"ఓలమ్మ, సెవుడైతే మిషనెట్టొచ్చు. ఈ పుస్తకాల పిచ్చికేటెడతాం?" అంది అమ్మ. ముగ్గురం పగలబడి నవ్వాం.

మర్నాడు క్లాసులో లెక్చరర్ ఏదో ప్రశ్న అడిగారు. నా జవాబు మీద నాకు అనుమానంగానే ఉంది. అయినా చెయ్యెత్తాను.