గుండ్రటి దీవిలో ఎదురు బస్సు

పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికల్లా చుట్టి రాగల నేల మీద దారి తప్పిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి. దారి తప్పడమే కాదు, పెళ్ళాన్నీ పెట్టెనూ పోగొట్టుకుని, చేతికొచ్చిన ఉద్యోగాన్ని కూడా సముద్రంలో కలపబోయాను. నవ్వుకోండి. వద్దనే అర్హత నాకు ఆ రోజే పోయింది.

పందొమ్మిదివందల ముప్పైలలో మా అమీర్‌పేట చిన్న ఊరు. పంజాగుట్ట దాటేదాకా బండరాళ్ళూ సీతాఫలం పొదలూ. నాకు తెలిసిన రోడ్డు ఒక్కటే. ఇటు తిరిగితే లక్డీకాపూల్, అటు తిరిగితే ఇల్లు. ఇంతటి విద్యతో ఊరందరికీ నేనే దారి చెప్పేవాణ్ణి. అడగనివాళ్ళకు మరీ ఎక్కువ చెప్పేవాణ్ణి.

అలాంటి నాకు మా చర్చి పాదిరిగారి పుణ్యమా అని కరీబియన్ సముద్రంలో ఒక చిన్న దీవిలో బడిపంతులు పని దొరికింది. కొత్తగా పెళ్ళయిన ఎస్తేరును వెంటబెట్టుకుని, ఓడలు మారుతూ వెళ్ళాను. దారి పొడుగునా ఆమె వాంతులు చేసుకుంది, నేను ఉపన్యాసాలు చేశాను.

రేవులో దిగిన ఉదయం అక్కడి పాదిరి పడమటికి చెయ్యి ఊపి చెప్పాడు. "మీ బడి ఉన్న ఊరు దీవికి అవతల. మధ్యాహ్నం చర్చి గంట కొట్టేలోగా బడి పెద్దల ముందుండాలి. లేకపోతే ఇంకొకతను కాచుకుని కూర్చున్నాడు, అతన్ని పెట్టుకుంటారు."

వచ్చిన బస్సెక్కాం. లారీకి బల్లలు బిగించి పైన రేకు కప్పితే అదే బస్సు. కోళ్ళు, చేపల గంపలు, ఒక మేక, మేము. కొంత దూరం పోగానే సూర్యుడు నేరుగా నా మొహాన కొట్టాడు. అంటే తూర్పుకు పోతున్నాం!

"ఆపు! ఆపు!" అని అరిచాను.

డ్రైవరు ఆపాడు. అతను మాట్లాడింది వాళ్ళ ఇంగ్లీషే గానీ, నాకు గుర్తున్నది మాత్రం మా అమీర్‌పేట మాటల్లోనే.

"ఏమైందన్నా?"

"మా ఊరు అటు. నువ్వు ఇటు పోతున్నవ్."

"ఇటు పోయినా గా ఊరే అన్నా. జర సేపు కూసో."

"నాకే దారి చెప్తున్నవా?"

మేక తప్ప అందరూ నవ్వారు. ఎస్తేరు నా చొక్కా పట్టి లాగింది.

"రోజు తిరిగేటోడు చెప్తుండు గదా. కూసోండ్రి."

"ఎస్తేరూ, అమీర్‌పేటల ఎక్కి పంజాగుట్ట దిక్కు పోతే ఎన్నడన్న బోరబండ వస్తదా?"

"ఇది అమీర్‌పేట గాదు."

"దిగుతవా, దిగవా?"

"దిగ. మీ దారిన మీరు రాండ్రి. పెట్టె సుత నా దగ్గరనే ఉంటది."

దిగేశాను. ఊరుగాని ఊరిలో, నోరెత్తి ఏనాడూ ఫిర్యాదు చెయ్యని పిల్లను చేపల గంపల మధ్య వదిలేసి, చొక్కా దులుపుకుని దిగేశాను! ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి.

చాలాసేపటికి ఎదురు బస్సు వచ్చింది. కొత్త నవాబులా ఎక్కి కూర్చున్నాను. మళ్ళీ రేవు వచ్చింది, పోయింది. ఆ బస్సు కనిపించిన ప్రతి గుమ్మం దగ్గరా ఆగి క్షేమసమాచారాలు కనుక్కుంది. ఇంతలో ఎదురుగా ఇంకో బస్సు. చూద్దును కదా, నేను దిగిన బస్సే! డ్రైవరు తల బయటికి పెట్టి కేకేశాడు.

"అన్నా! వదినను మీ బడి కాడ దింపిన! ఉరుకు, గంట కొడుతుండ్రు!"

అప్పుడు బుర్రకెక్కింది. నడుమ కొండ, దాని చుట్టూ గాజులాగా ఒకటే రోడ్డు. ఎటు పోయినా ఆ ఊరే.

నేను చేరేసరికి గంట మోగి ఆగిపోయింది. బడి ముందు జనం. నడుమ కుర్చీలో ఎస్తేరు, మెడలో పూలదండ. ఉద్యోగం పోయిందనుకుని తల దించుకుని నిలబడ్డాను. బడి పెద్ద లేచాడు.

"మాస్టరూ, మీ ఇంటామె అంతా చెప్పింది."

తిరుగు ఓడెక్కడానికి మా పెట్టె ఎక్కడుందా అని వెతికాను.

"పిల్లలు ఏడ ఉంటరో, ఏ తొవ్వల వస్తరో చూడనిదే పాఠం చెప్ప అన్నరట! దీవి అంత తిరిగి చూసొస్తున్నరట! ఇన్నేండ్లల్ల వచ్చిన మాస్టర్లల్ల ఒక్కడన్న గీ పని చేసిండా?"

చప్పట్లు మోగాయి. నా ఉద్యోగం కోసం కాచుకున్న అతను కూడా వచ్చి చెయ్యి కలిపాడు. నేను ఎస్తేరు పక్కకు జరిగి గొణిగాను.

"గట్లెందుకు చెప్పినవ్?"

"బస్సుల కెల్లి అలిగి దిగిండని చెప్తే నా పరువు సుత పోదా? నవ్వుండ్రి, అందరు చూస్తుండ్రు."

నవ్వాను. జనం నన్ను భుజాలకెత్తుకుని బడిలోకి ఊరేగించారు. లోపల బడి పెద్ద సుద్దముక్క నా చేతికిచ్చి ప్రకటించాడు. "దీవి అంత తెలిసిన మనిషి దొరికిండు. ఇయ్యాల్టి సంది భూగోళం ఈయననే చెప్తడు!"

కాబట్టి పాఠకులారా, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. ఎస్తేరు ఎక్కిన బస్సును ప్రాణం పోయినా దిగను. అది ఎటు పోతోందని కూడా అడగను. భూగోళం మాస్టరు మాట, నమ్మండి.