గీత అవతలి నుంచి వచ్చిన బంతి

కరోనా తర్వాత బడులు తెరిచాక వచ్చిన రెండో ధనుర్మాసంలో, రాయకోట దగ్గరి ఒక ఊరి హైస్కూల్లో జరిగే బాలికల ఫుట్‌బాల్ మ్యాచ్‌కు నన్ను రెఫరీగా వేశారు. అప్పుడు నేను హోసూరులో వ్యాయామ ఉపాధ్యాయినిని. రెఫరీకి మైదానంలో సర్వాధికారాలూ ఉంటాయి, గీత దాటితే టీ ఇచ్చే దిక్కు కూడా ఉండదు.

ఆ మైదానానికి ఒక పక్క బడి గోడ, ఎదుటి పక్క ఊరి శ్మశానం. నడుమ కంచె లేదు, సున్నంతో పోసిన గీతే హద్దు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు శ్మశానంలో అడుగు పెట్టరు. మ్యాచ్‌కు కూడా రాకూడదని ఊరి పెద్ద మునియప్ప ముందే కట్టడి చేశాడు. ఆతిథ్య జట్టు కెప్టెన్ నాగవేణి ఆయన తమ్ముడి కూతురే.

"ఆడపిల్లోళ్ళు నిక్కర్లేసుకొని ఎగిరేది ఊరికి మంచిది కాదమ్మా," అన్నాడు నాతో. "హెడ్మాస్టరు బతిమాలితే ఒగ ఆటకు ఒప్పుకొన్నాను. మంచు దిగి నడమ ఆగిపోయిందంటే దేవుడే వద్దన్నట్టు. ఆ పొద్దుతోనే నాగవేణికీ, అందరికీ ఆట చాలు."

నాకు ఒళ్ళు మండింది. "మంచు దేవుడి చేతిలో, విజిల్ నా చేతిలో," అని వచ్చేశాను.

గోడ వెంట మగవాళ్ళు చేతులు కట్టుకొని నిలబడ్డారు. గోల్ పడినా చప్పట్లు లేవు, కేకలు లేవు. కనీసం తిట్టినా బాగుండేదనిపించింది. పొద్దెక్కితే విడిపోవలసిన మంచు, రెండో సగంలో కొండ మీద నుంచి మళ్ళీ దిగింది. మైదానం నడుమ నిలబడితే రెండు వైపుల గోల్ స్తంభాలూ కనబడాలి. కనబడకపోతే రెఫరీ ఆట ఆపి కాసేపు చూడవచ్చు. అప్పటికీ తేటపడకపోతే మ్యాచ్ రద్దు చేయాలి.

అంతలో బంతి శ్మశానం వైపు గీత దాటి మంచులో కలిసిపోయింది. తేవడానికి ఎవరూ కదలలేదు. కాసేపటికి అదే తిరిగి వచ్చింది. ఎవరో కాలితో తన్నినట్టు నేల మీద సూటిగా వచ్చి గీత దగ్గర ఆగింది. పిల్లలు బిక్కచచ్చిపోయారు. ఎలాగో ఆడించాను. మళ్ళీ పోయింది, ఈసారి చాలా లోపలికి. మళ్ళీ వచ్చింది.

అప్పటికి రెండు వైపులా స్తంభాలు మాయమయ్యాయి. విజిల్ ఊది ఆట ఆపాను. నాగవేణి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అందరూ మునియప్ప వైపు తిరిగారు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"రద్దు చేయొద్దమ్మా," అన్నాడు. "ఆడ మా అమ్మ ఉండాది, మా అవ్వ ఉండాది. వాళ్ళే ఆడమంటా ఉంటే మనమెట్ల ఆపేది?"

నేను గీత దాటి నడిచాను. సమాధుల నడుమ కంబళ్ళు కప్పుకొని వరసగా ఆకారాలు నిలబడి ఉన్నాయి. ఒక ఆకారం ముందుకొచ్చింది. నాగవేణి తల్లి లక్ష్మక్క.

"మేమే టీచరమ్మా. ఈడైతే మమ్మల్ని ఎవురూ వెతకరు. బిడ్డల ఆట చూడల్లని వచ్చినాము. చెప్పొద్దమ్మా, నీకు పుణ్యముంటాది."

తిరిగి వచ్చాక అక్కడ ఎవరున్నారని మునియప్ప అడిగాడు. రెఫరీ ప్రేక్షకులతో మాట్లాడకూడదు. ఆ నియమం అంతగా అక్కరకొచ్చిన రోజు మరొకటి లేదు. మైదానం నడుమకు పోయి నిలబడ్డాను. స్తంభాలు మసకగా తేలాయి. బంతి గీత దాటాక ఆపాను గనుక త్రో-ఇన్‌తో మొదలుపెట్టించాను. నాగవేణి జట్టు ఓడింది, కానీ ఆట పూర్తయింది. మంచు విడిపోయేసరికి శ్మశానంలో ఎవరూ లేరు.

మరుసటి ఏడు కృష్ణగిరి పోటీలకు లక్ష్మక్క బిడ్డతో పాటు బస్సెక్కి వచ్చింది. మునియప్ప అడ్డు చెప్పలేదట. ఆ రోజు శ్మశానం నుంచి బంతిని భలే తన్నావని ఆమెను మెచ్చుకున్నాను.

"మొదటిది నేనే తన్నినాను టీచరమ్మా. రెండోది మేమెవురమూ తాకలేదు. మా వెనకాల నుంచి వచ్చింది. మా అత్త సమాధి ఆ కొసనే."

ఆమె అత్త అంటే మునియప్ప తల్లి.

ఆ మ్యాచ్ నాకు నేర్పింది ఒకటే. ఆట రద్దు చేసే ముందు గీత అవతలికి పోయి చూడాలి. ఆట ఎవరికి కావాలో గోడ పక్క నిలబడ్డవాళ్ళను చూసి తేల్చకూడదు.