గంగారాం పిడికిలి

గంగారాం నొప్పిని నేనే పోగొట్టానని అరబ్బు దేశం వెళ్లి సోహార్‌లో పనిచేసి వచ్చిన మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది సగం కథ. మిగతా సగాన్ని ఇన్నేళ్లూ నేనొక్కదాన్నే మోశాను. మీకు చెబుతాను. మెచ్చుకోవడం మాత్రం మానండి.

తొంభైల మొదట్లో అక్కడి ఒక ఆసుపత్రిలో నర్సుని. గంగారాం జగిత్యాల వైపు మనిషి. సైట్‌లో కాంక్రీటు కలిపే యంత్రంలో పడి ఎడమ చెయ్యి నలిగిపోతే మోచేతి దాకా తీసేశారు. పుండు మానింది. లేని చెయ్యి మాత్రం నొప్పి పెడుతూనే ఉంది. మాత్రలిచ్చాం, కట్టు బిగించి చూశాం. పిడికిలి బిగుసుకుపోయిందనీ, గోళ్లు అరచేతిలో దిగుతున్నాయనీ ఏడ్చేవాడు. తీసిన చేతిని ముడుచుకుని ఉండగానే ఎక్కడో పాతేసి ఉంటారు, తవ్వించి వేళ్లు చాపించమని నా వెంటపడ్డాడు.

నేను ఊరుకుంటానా? "లేని చేతికి పిడికిలేమిటయ్యా?" అన్నాను.

"లేదని నీకెరుక, నాకెరుక. దానికెరుక లేదక్కా."

వాదనలో నాకు మాట అందకపోవడం అరుదు. ఆ రోజు అందలేదు. మర్నాడు, తవ్వించాను, వేళ్లు చాపించాను, మళ్లీ మట్టి కప్పించాను అని చెప్పేశాను. జాలితోనా? కాదేమో. అతని నోరు మూయించడానికే. అతను మొండిచేతి కేసి చూసుకుని మెల్లగా ఊపిరి వదిలాడు. ఆ వారమంతా హాయిగా నిద్రపోయాడు.

ఆ సంతోషంలో, తనకొచ్చిన హిందీలో డాక్టరుకు అంతా చెప్పేశాడు. డాక్టరు నవ్వి, బీఎస్సీ చదివి భూతవైద్యం ఎప్పుడు నేర్చుకున్నావని వార్డులో అందరి ముందూ నన్నడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టరును ఏమీ అనలేను కదా. గంగారాం వైపు తిరిగి, పాతడమూ లేదు, తవ్వడమూ లేదు, తీసిన రోజే కాల్చేశారు, నొప్పి నీ మెదడులో ఉంది అని దులిపేశాను.

అతను అరవలేదు.

"కాలవెట్టిండ్రా? పిడికిలి ఇప్పకుండనేనా?"

ఆ సాయంత్రం నుంచి చెయ్యి మండుతోందన్నాడు. అంతకుముందు నొప్పే గాని మంట లేదు. అది నేనిచ్చింది. నేను చెప్పింది నిజమే, ఎవరైనా వాదనకు రండి, గెలుస్తాను. కానీ ఆ నిజం అతని కోసం చెప్పానా? నా చదువు పరువు కోసం చెప్పాను. కొద్ది రోజులకు కంపెనీ అతన్ని ఇంటికి పంపేసింది. అంతవరకూ ఆ మంచం దగ్గరికి వెళ్లే పని లేకుండా డ్యూటీ మార్పించుకున్నాను.

ఇదీ నేను చేసింది. క్షమించమని అడగను, క్షమించడానికి మీరెవరు? చెప్పుకున్నాక కాస్త ఊపిరాడుతోంది, అంతే. ఒక్కటే తేలలేదు. ఆ సాయంత్రమే వెళ్లి, డాక్టరు ముందు అన్నదే అబద్ధం గంగారాం, నీ చెయ్యి మట్టిలోనే ఉంది, వేళ్లు చాపుకునే ఉంది అని చెప్పి ఉంటే, అతను నమ్మేవాడా?