డబ్బాలో తరిగిపోయిన చుట్టలు

ఏటా పెద్దల అమావాస్య ముందురోజు మా ఎదురింటావిడ తలుపు తీసి, గాలి ఎగపీల్చి, "ఏంటండీ, మీవారు సిగరెట్లు మొదలుపెట్టారా?" అని అడుగుతుంది. మా వంటింట్లో బెల్లంనీళ్లు చల్లిన పొగాకు తడిగుడ్డలో మగ్గుతుంటుంది. ఆ వాసనకు ఆవిడ అనుమానపడితే నాకు కోపం రాదు. అనుమానంలో ఆవిడ నా ముందు పసిపిల్ల, ఎందుకంటే నేను పెరిగిన ఇల్లు అలాంటిది.

దర్శి దగ్గర పల్లె మాది. అవి తొంభైల చివరి రోజులు. చలికాలం ముందుగది నిండా పత్తి పోసి ఉండేది, మేం అందులో పడి దొర్లి జుట్టంతా దూదితో లేచేవాళ్లం. పచ్చి పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ కొట్టం పొయ్యి ముందు నిప్పుల్లో చిలగడదుంపలు పూడ్చి, వేళ్లు కాల్చుకుంటూ తినేవాళ్లం. ఎండలు ముదిరితే కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్ములే. వీటన్నిటి మీదా తాతయ్య చుట్ట వాసన ఒకటి ఉండేది.

దగ్గు ముదిరి, ఒంగోలు డాక్టరు గట్టిగా చెప్పాక ఆయన చుట్ట మానేశాడు. ఆయనతోపాటు కాల్చే నాయనమ్మ కూడా పోలేరమ్మ గుడి ముందు ఒట్టు పెట్టుకుని మానేసింది, ఆ సంగతి వీధంతా తిరిగి చెప్పుకుంది.

కొన్నాళ్లకు తాతయ్య వసారాలో పీట వేసుకుని చుట్టలు చుట్టడం నేర్చుకోసాగాడు. అంతకుముందు ఇద్దరికీ నాయనమ్మే చుట్టేది, ఆయనకు అది కొత్త విద్య. "కాలక్షేపానికి చుడతన్నా, కాల్చడానికి కాదు. అడిగినోళ్లకి ఇస్తా," అనేవాడు. ఎవరు నమ్ముతారు? చుట్టినవి రేకుడబ్బాలో పెడితే రెండు రోజులకోసారి డబ్బా అడుగు కనిపించేది, అడిగి తీసుకెళ్లిన మనిషిని మాత్రం మేమెవరం చూడలేదు. నాన్న ఆయన తువ్వాలు వాసన చూసేవాడు. అమ్మయితే అప్పుడే పుట్టిన మా తమ్ముణ్ని ఆయన ఒళ్లో వెయ్యడమే మానేసింది. "పొగ పీల్చే మనిషి దగ్గర పసిబిడ్డ ఎందుకు?" అని లోపలికి తీసుకుపోయేది. ఆయన చాపిన చేతులు మెల్లగా వెనక్కి తీసుకుని మళ్లీ ఆకు పట్టుకునేవాడు. తమ్ముడు ఎప్పుడూ నాయనమ్మ ఒళ్లోనే ఉండేవాడు. ఆవిడ నోట్లో ఎప్పుడూ లవంగం ఉండేది.

"ఏమే, ఆయన పక్కనే కూచో. యాడ కాలుస్తన్నాడో కనిపెట్టు," అని నన్ను కాపలా పెట్టింది కూడా నాయనమ్మే.

అలా నేనూ నేర్చుకున్నాను. ఆకు తడిపి మెత్తబడ్డాక మధ్య ఈనె లాగెయ్యాలి. గోదావరి లంకల నుంచి వచ్చే లంక పొగాకు ఘాటు ఎక్కువ, మా చేలో పండిన నాటాకు నెమ్మది. రెండూ కలిపి, బెల్లంనీళ్లు చిలకరించి, చిరుగులేని పలచటి ఆకు పైన చుట్టి, గంజితో అంటించాలి. "బ్యారన్ ఆకు మటుకు కలపబాకమ్మా, అది సిగరెట్లకి పోయేది. కాలిస్తే సిగరెట్టు వాసనే కొడద్ది," అన్నాడు తాతయ్య. ఆ మాట నా అనుమానానికి దారి చూపించింది. ఆయన మంచినీళ్లకు లేచినప్పుడు పసుపుపచ్చని బ్యారన్ ఆకు ముక్కలు కొన్ని లోపల కూరి, పైన మామూలు ఆకు చుట్టేశాను. ఇక ఎక్కడ సిగరెట్టు వాసన వస్తే అక్కడే దొంగ.

మర్నాడు మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా ఆ వాసన వచ్చింది. తాతయ్య వసారాలోనే గుర్రు పెడుతున్నాడు. వాసన పట్టుకుని పత్తికట్టె వామి వెనక్కి వెళ్లాను. అక్కడ నాయనమ్మ, కళ్లు మూసుకుని, చుట్ట నోట్లో పెట్టుకుని కూచునుంది. అడుగుల చప్పుడుకు కళ్లు తెరిచింది.

పరుగెత్తుకొచ్చి తాతయ్యను లేపి చెప్పాను. ఆయన ఉలిక్కిపడలేదు. "నీ ముక్కు మంచిదేనే. నోరు కూడా అంత మంచిదైతే బాగుండు," అన్నాడు. లేచి కూచుని, "పెళ్లయిన కొత్తల్లో నేనే అలవాటు చేశా. ఇప్పుడు దానికి వేళ్లు వణుకుతన్నయి, చుట్టుకోలేదు. వీధంతా చెప్పుకుంది గదా, బయటపడితే తలెత్తుకోలేదు. నన్నంటే ఏముందిలే," అన్నాడు. ఏమీ లేకపోతే తమ్ముడు ఏడ్చినప్పుడల్లా లోపలికి ఎందుకు చూసేవాడు? నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం నాయనమ్మ తమ్ముణ్ని ఎత్తుకొచ్చి, అమ్మ చూస్తుండగానే తాతయ్య ఒళ్లో పడుకోబెట్టింది.

"ఆయన మానేశాడమ్మాయ్. నాకు తెలుసు."

"మీకెట్లా తెలుసు అత్తయ్యా?" అంది అమ్మ.

నాయనమ్మ నోట్లో లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుంది. అమ్మ ఆవిడ వంక చాలాసేపు చూసింది. తర్వాత బిడ్డను తీసుకోకుండానే వంటింట్లోకి వెళ్లిపోయింది. తాతయ్య చేతులకంటిన పొగాకు మరకలు పంచెకు తుడుచుకుని తమ్ముణ్ని గుండెకు హత్తుకున్నాడు.

ఇప్పుడు మా బ్యారన్ కూలగొట్టారు. వసారా లేదు, పీట లేదు, లంకాకు కోసం అంగళ్లన్నీ తిరగాలి. చుట్టడం వచ్చినవాళ్లు మా ఇంట్లో నేనొక్కదాన్నే. అమావాస్యనాడు ఇద్దరి పటాల ముందూ గారెలు, పాయసం పెడతాను. నాయనమ్మ పటం ముందు నేను చుట్టిన చుట్ట ఒకటి పెడతాను.

"తాతయ్యకి పెట్టవా అక్కా?" అని తమ్ముడు ప్రతి ఏడూ అడుగుతాడు.

పెట్టను. ఆయన మానేశాడు. నాకు తెలుసు.